రగ్బీలో ఎడమ భుజంతో ట్యాకిల్ చేస్తే చెయ్యి తిమ్మిరెక్కుతోందా?

ట్యాకిల్‌లో, అంటే బంతి పట్టుకొచ్చేవాణ్ణి పట్టి పడేసేటప్పుడు, ఎడమ భుజంతో పట్టినప్పుడే మెడ నుంచి చేతిదాకా కరెంటు కొట్టినట్టుంటే ముందు మీ తల ఎటు పోతోందో చూసుకోండి. బంతి పట్టుకొచ్చేవాడి తొడల ముందుకు పోతే అతని మోకాలు తగిలి మెడ వంగుతుంది, నరం సాగుతుంది. మీ చెంప అతని పిరుదు వెనక ఆనాలి. ఎడమ పాదం అతని పాదాలకు బాగా దగ్గరగా పడాలి. దూరంగా పడితే మీరు అతని మీదికి దూకాల్సొస్తుంది, మీ తల కిందికి దిగిపోతుంది.

చెయ్యికి బలం పూర్తిగా వచ్చేదాకా ట్యాకిల్ వద్దు. ఇంగ్లండ్‌కు 2003 రగ్బీ ప్రపంచ కప్ గెలిపించిన జానీ విల్కిన్సన్‌నే మెడ నరం దెబ్బ నెలల తరబడి కూర్చోబెట్టింది. కోలుకున్నాక మోకాళ్ల మీద నిలబడి, నడిచొచ్చేవాణ్ణి ఎడమతో 10 సార్లు పట్టండి. తిమ్మిరి రెండు చేతులకీ పాకితే మాత్రం మెడ కదపకుండా ఆంబులెన్స్ పిలిపించండి.