లేజర్ సంగతి తర్వాత, ముందు ఆ క్రీము సంగతి చూడండి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మియాపూర్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పీరియడ్స్‌కు వారం ముందు గడ్డం మీద, దవడల దగ్గర నొప్పితో మొటిమలు వస్తున్నాయి. పీరియడ్స్ చాలాసార్లు 45 రోజులకు గానీ రావు. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము ఏడాదిగా రాస్తున్నాను. రాస్తే తగ్గుతాయి, మానేస్తే ఇంకా ఎక్కువవుతాయి. నవంబరులో పెళ్లి. మచ్చలకు లేజర్ చేయించుకోవచ్చా?

జవాబు: క్రీము పేరు మీరు రాయలేదు. రాస్తే తగ్గడం, మానితే ఎగదన్నడం చూస్తే అందులో స్టెరాయిడ్ ఉందని నా అనుమానం. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ లాంటి పేర్లున్నాయేమో చూడండి. స్టెరాయిడ్ వాపును అణచేస్తుంది కాబట్టి మొదట్లో ముఖం నున్నగా కనిపిస్తుంది. నెలల తరబడి వాడితే చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్ర నాళాలు తేలతాయి, నూగు పెరుగుతుంది, మొటిమలు కూడా దానివల్లే వస్తాయి. ఇలాంటి చాలా క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే నిబంధన పెట్టారు. అయినా ‘షాపాయన ఇచ్చాడు’, ‘మా అక్కకు పడింది, నేనూ వాడాను’ అనే మాటలు ఓపీలో రోజూ వింటున్నాను. చదువుకున్నవాళ్లే ఇలా చేస్తే ఏమనాలి? అలాగని ఇవాళే మానేయకండి. ఏడాది వాడి ఉన్నపళంగా ఆపితే ముఖం ఎర్రబడి మండొచ్చు. ట్యూబు పట్టుకుని ఈ వారంలోనే చర్మ డాక్టర్‌ను కలవండి.

పీరియడ్స్ ముందు మొటిమలు పెరగడం చాలామందికి ఉండేదే. అప్పుడు ఈస్ట్రోజెన్ తగ్గి, నూనె గ్రంథుల మీద ఆండ్రోజెన్ల (పురుష హార్మోన్ల) ప్రభావం ఎక్కువవుతుంది. పీరియడ్స్ తరచూ 35 రోజులు దాటడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోను. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉందేమో, థైరాయిడ్ తేడా ఉందేమో చూడాలి. గైనకాలజిస్టును కలిస్తే టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, టెస్టోస్టిరాన్ లాంటి హార్మోన్ పరీక్షలు, అవసరమైతే స్కానింగ్ రాస్తారు. స్కానింగ్‌లో అండాశయాల్లో నీటిబుడగలున్నాయని రాసినా టెన్షన్ పడొద్దు, ఆ ఒక్క మాటతో పీసీఓఎస్ అని తేల్చం.

మందుల విషయానికొస్తే బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటి పూతలున్నాయి. హార్మోన్ మాత్రలు, ఆండ్రోజెన్లను అడ్డుకునే స్పైరనోలాక్టోన్ కూడా కొందరికి ఇస్తాం. ఏది మీకు సరిపోతుందో చూడకుండా చెప్పలేను. బీపీ, మైగ్రేన్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నా హార్మోన్ మాత్రలకు ముందు డాక్టర్‌కు చెప్పాలి. పెళ్లి దగ్గర పడింది కాబట్టి పిల్లల గురించి ఏమనుకుంటున్నారో కూడా మొహమాటపడకుండా చెప్పండి. తీవ్రమైన మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన లోపాలు రావచ్చు. ఆపాక కూడా కనీసం నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. స్నేహితురాలి దగ్గర మిగిలిన మాత్రలు మీరు మింగడం అసలు కుదరదు.

ఏ చికిత్సకైనా ఫలితం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మొటిమలు ఇంకా వస్తుండగా, స్టెరాయిడ్‌తో పలచబడిన చర్మం మీద లేజర్ చేస్తే మచ్చలు ఇంకా నల్లబడొచ్చు. పెళ్లికూతురి ప్యాకేజీ పేరుతో ఎవరైనా అడ్వాన్స్ అడిగితే ఇప్పుడే కట్టకండి.