ఐటీకేని రాస్ప్‌బెర్రీ పై కోసం కంపైల్ చేయడం ఎలా? విశాఖలో నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఇంటెల్ లాప్‌టాప్‌లో ఐటీకే (వైద్య చిత్రాలను విశ్లేషించే కోడ్ లైబ్రరీ) ఏ గొడవా లేకుండా కంపైల్ అవుతోంది, అంటే కోడ్ నుంచి యంత్రం నడపగల రూపంలోకి మారుతోంది. అదే రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ (కిందంతా దీన్ని 'పై' అంటాను) మీద చేస్తే సగం దాటాక "కిల్డ్" అని ఆగిపోతోంది. పోనీ లాప్‌టాప్ మీదే ఆర్మ్ (పైలో ఉండే ప్రాసెసర్ రకం) కోసం క్రాస్ కంపైల్ చేద్దామంటే, అంటే ఒక రకం యంత్రం మీద ఇంకో రకానికి కంపైల్ చేద్దామంటే, ఆ పనిని సిద్ధం చేసే సాధనం సీమేక్ ఏవో ట్రై రన్ ఫలితాలు నింపమంటోంది. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తులను వేరుచేసి చూపించే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు, చేతిలో ఉన్నది ఒక్క నెల.

రెండేళ్ల కింద దాదాపు ఇదే పని నేను చేశాను. గాజువాక వైపు ఒక స్కానింగ్ సెంటర్‌లో డాక్టర్ గారి గది చాలా చిన్నది. బల్ల మీద ఇంకో కంప్యూటర్‌కి చోటు లేదు. తెర వెనకాల తగిలించే చిన్న పెట్టె కావాలన్నారు. అందుకే పై తీసుకున్నాం.

కంపైల్ సంగతికి ముందు ఒకటి చూసుకోండి. అసలు మీకు కంపైల్ చేసే అవసరం ఉందా? డెబియన్‌లో (పై ఓఎస్‌కి ఆధారమైన లినక్స్) ఆర్మ్ 64 కోసం ఐటీకే, డైకామ్ (స్కాన్ ఫైళ్ల ఫార్మాట్) చదివే జీడీసీఎం, డీసీఎంటీకే మూడూ తయారు ప్యాకేజీలుగా ఉన్నాయి. ప్యాకేజీలు పెట్టే ఆప్ట్ కమాండ్‌తో ఐదు నిమిషాల పని. పైథాన్‌తో సరిపోతుందంటే సింపుల్ ఐటీకేని పిప్‌తో పెట్టుకోవచ్చు. నాకు ప్యాకేజీలో లేని ఒక మాడ్యూల్ కావాల్సి వచ్చింది కాబట్టి ఈ దారి పట్టాను. మీకు ఆ అవసరం లేకపోతే నెల రోజుల్లో పది రోజులు దీనికి పోగొట్టుకోవద్దు.

ఇంకో చిక్కు. పై మీద యూనేమ్ కమాండ్ "ఆర్చ్ 64" అని చూపిస్తే సిస్టమ్ మొత్తం 64 బిట్ అనుకుంటాం. 32 బిట్ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో కూడా కెర్నల్ మాత్రం 64 బిట్‌ది ఉండొచ్చు. మిగతా ప్రోగ్రాములన్నీ 32 బిట్‌వే. ప్యాకేజీలు చూసుకునే డీపీకేజీ కమాండ్‌ని ఆర్కిటెక్చర్ అడిగి చూడండి. ఆర్మ్‌హెచ్‌ఎఫ్ (అంటే 32 బిట్) అని వస్తే కార్డు చెరిపేసి 64 బిట్ ఓఎస్ వేసుకోండి. ఇది చూసుకోక మాకు రెండు రోజులు పోయాయి.

ఇక "కిల్డ్" సంగతి. అందులో కోడ్ తప్పేమీ లేదు. ఐటీకే అంతా సీ ప్లస్ ప్లస్ టెంప్లేట్లే. కొన్ని ఫైళ్లకు కంపైలర్ ఒక్కటే గిగాబైట్ దాకా మెమరీ తింటుంది. నాలుగు కోర్లు ఉన్నాయి కదా అని నాలుగు పనులు ఒకేసారి పెడితే 4 జీబీ పై తట్టుకోలేదు, కెర్నల్ కంపైలర్‌ని చంపేస్తుంది. ఒకటో రెండో పనులకు తగ్గించి, స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు) పెంచండి. టెస్టులు, ఉదాహరణలు ఆపేయండి. డిఫాల్ట్ మాడ్యూళ్లు కూడా ఆపేసి, డైకామ్ చదివే జీడీసీఎం మాడ్యూల్, మీకు కావాల్సిన ఫిల్టర్ల మాడ్యూళ్లు మాత్రమే ఆన్ చేయండి. పని సగానికి సగం తగ్గుతుంది. మే నెలలో చేస్తుంటే ఫ్యాన్ తప్పనిసరి. చిప్ 80 డిగ్రీలకు చేరితే పై తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మన వైజాగ్ ఉక్కపోతలో, మూత పెట్టిన డబ్బాలో ఆ వేడికి చేరడం ఎంతసేపు? నేను రాత్రి పదింటికి మొదలుపెడితే తెల్లారి టిఫిన్ వేళకి కూడా అవలేదు. మధ్యలో కరెంటు పోయింది కూడా.

క్రాస్ కంపైల్‌కి వద్దాం. సీమేక్ పుట్టిందే ఐటీకే కోసం. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 1999లో ఐటీకే పని మొదలుపెట్టినప్పుడు, రకరకాల యంత్రాల మీద ఒకే కోడ్ కట్టే సాధనం కావాల్సి వచ్చి సీమేక్ తయారైంది. అందుకే అది ప్రతిదీ యంత్రాన్నే అడిగి తెలుసుకోవాలని చూస్తుంది. చిన్న ప్రోగ్రాము రాసి, నడిపి, జవాబు చూస్తుంది. ఆ చిన్న ప్రోగ్రాము ఆర్మ్‌ది, మీ లాప్‌టాప్ ఇంటెల్‌ది. నడపలేదు కాబట్టి జవాబు మిమ్మల్ని రాయమంటుంది. ఆ జవాబులను ఊహించి నింపకండి. ఐటీకేతో వచ్చే హెచ్‌డీఎఫ్ 5 లాంటి లైబ్రరీలు లాంగ్ డబుల్ (ఒక దశాంశ సంఖ్యల రకం) ఎలా ప్రవర్తిస్తుందో అందులోనే అడుగుతాయి. తప్పు రాస్తే బిల్డ్ అయిపోతుంది, తప్పు మాత్రం లోపల ఉండిపోతుంది. టూల్‌చైన్ ఫైల్‌లో (ఏ కంపైలర్ వాడాలో సీమేక్‌కి చెప్పే ఫైలు) క్రాస్ కంపైలింగ్ ఎమ్యులేటర్‌గా క్యూఈఎంయూ (ఇంకో రకం ప్రాసెసర్‌ని అనుకరించే ప్రోగ్రాము) చూపిస్తే ఆ ప్రోగ్రాములు లాప్‌టాప్ మీదే నడుస్తాయి, జవాబులు అవే వస్తాయి.

నేను చివరికి క్రాస్ కంపైలర్ కూడా వదిలేశాను. ఉబుంటు 22.04లో కట్టిన ఫైలు పై మీద "జీలిబ్‌సీ 2.34 దొరకలేదు" అంది. జీలిబ్‌సీ అంటే లినక్స్ ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ. ఉబుంటు జీలిబ్‌సీ 2.35, నా పైలో ఉన్న డెబియన్ 11ది 2.31. అప్పుడు లాప్‌టాప్‌లోనే డాకర్‌లో ఆర్మ్ 64 డెబియన్ 11 కంటెయినర్ (లోపలే విడిగా నడిచే లినక్స్) పెట్టి, క్యూఈఎంయూతో నడిపి, అందులో మామూలుగా కంపైల్ చేశాను. సీమేక్‌కి తాను ఆర్మ్ యంత్రం మీదే ఉన్నానన్నట్టు ఉంటుంది, ప్రశ్నలేవీ అడగదు. నెమ్మదిగా సాగుతుంది కానీ లాప్‌టాప్‌లో మెమరీ ఉంది, చచ్చిపోదు. మీకున్న గడువులో నేను చెప్పేది ఈ దారే. పైలో ఏ డెబియన్ ఉందో కంటెయినర్‌లో అదే పెట్టండి.

ఇప్పుడు మీరు అడగని విషయం. నాకు దీని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది.

బిల్డ్ అయింది, బొమ్మ వచ్చింది, అందరం సంతోషించాం. డాక్టర్ గారికి చూపించే ముందు రోజు, పేరూ ఐడీ తీసేసిన ఒక స్కాన్‌ని లాప్‌టాప్ మీదా, పై మీదా నడిపి పక్కపక్కన పెట్టాను. పై మీద ఊపిరితిత్తుల రంగు ఛాతీ గోడ మీదకి కూడా పాకింది. తప్పు ఐటీకేది కాదు, నా కోడ్‌ది. మాస్క్‌ని (ఏ చోటు ఊపిరితిత్తో గుర్తు పెట్టే పటం) చార్ రకంలో, అంటే ఒక బైట్ సంఖ్యగా ఉంచాను. ఇంకా చూడని వోక్సెల్‌కి (స్కాన్‌లో ఒక చిన్న ఘనపు చుక్క) మైనస్ ఒకటి, బయటిదానికి సున్నా, ఊపిరితిత్తికి ఒకటి. ఇంటెల్ మీద చార్‌కి మైనస్ విలువలు ఉంటాయి. ఆర్మ్ లినక్స్ మీద ఉండవు. మైనస్ ఒకటి అక్కడ 255 అయింది. "సున్నా కంటే తక్కువా?" అన్న పరీక్ష ఎప్పటికీ నిజం కాలేదు. చూడని వోక్సెళ్లన్నీ ఊపిరితిత్తి లెక్కలో పడ్డాయి. జీసీసీ కంపైలర్‌కి ఎక్స్‌ట్రా వార్నింగులు పెట్టి ఉంటే "ఈ పోలిక ఎప్పుడూ అబద్ధమే" అని అదే చెప్పేది. సైన్డ్ చార్ అని స్పష్టంగా రాసి సరిచేశాను. ఆపిల్ ఆర్మ్ మ్యాక్‌లలో చార్‌కి మైనస్ ఉంటుంది, కాబట్టి స్నేహితుడి మ్యాక్‌లో సరిగ్గా వచ్చిందని ధైర్యపడకండి.

అది సరిచేశాక కూడా అంచుల్లో కొన్ని వోక్సెళ్లు తేడాగా వచ్చాయి. ఆర్మ్ 64 మీద జీసీసీ గుణకారం, కూడిక రెండింటినీ కలిపి ఒకే సూచనగా మారుస్తుంది. రెండుసార్లు జరగాల్సిన రౌండింగ్ ఒక్కసారే జరుగుతుంది. మామూలు ఇంటెల్ 64 బిట్ బిల్డ్‌లో అలా చేయదు. చివరి అంకెల్లో తేడా వస్తుంది, సరిగ్గా హద్దు మీద ఉన్న వోక్సెల్ ఇటో అటో పడుతుంది. ఇది తప్పు కాదు, నిజానికి ఆర్మ్ లెక్కే కాస్త ఖచ్చితం. కానీ తేడా దీనివల్లే అని తేల్చుకోవడానికి ఇలా కలపడాన్ని నియంత్రించే ఎఫ్‌పీ కాంట్రాక్ట్ ఆప్షన్‌ని ఆఫ్ చేసి ఒకసారి కట్టి పోల్చండి. నేను అలా చేస్తే ఆ తేడా మొత్తం పోయింది. అంతదాకా నాకు నిద్ర పట్టలేదు.

మూడోది చూడగానే గుండె ఆగినంత పనైంది. ఖాళీ స్లైస్‌లో సగటు తీస్తే సున్నాతో భాగహారం జరిగి నాన్ ('సంఖ్య కాదు' అనే గుర్తు) వస్తుంది. దాన్ని 32 బిట్ ఇంట్‌లోకి మార్చితే ఇంటెల్ మీద మైనస్ రెండు వందల కోట్లు దాటిన సంఖ్య వస్తుంది, ఎవరికైనా కనిపిస్తుంది. ఆర్మ్ మీద నిశ్శబ్దంగా సున్నా వస్తుంది. సీటీ స్కాన్‌లో వాడే హౌన్స్‌ఫీల్డ్ కొలతలో గాలి మైనస్ 1000, సున్నా అంటే నీరు. ఊపిరితిత్తుల ప్రోగ్రాములో లేని చోట నీరు కనిపిస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారో ఆలోచించండి. మార్చే ముందు నాన్ అవునో కాదో పరీక్ష పెట్టండి.

కాబట్టి ఇవాళే ఒక్క స్కాన్ పక్కన పెట్టుకోండి. లాప్‌టాప్ మీద వచ్చిన మాస్క్‌ని ఫైలుగా దాచండి. పై మీద ప్రతి బిల్డ్ తర్వాత రెండు మాస్కులను తీసివేసి, ఎన్ని వోక్సెళ్లు తేడా వచ్చాయో లెక్క రాసుకోండి. రిపోర్టులో ఆ పట్టిక పెడితే వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబు కూడా అదే.

మీ పైలో మెమరీ ఎంత, డీపీకేజీ ఏం చూపించింది, డెబియన్ ఏది అన్నవి రాయండి. కంటెయినర్‌కి నేను వాడిన సెట్టింగులు చూసి చెప్తాను. శని, ఆదివారాలు మద్దిలపాలెం దగ్గరే ఉంటాను, పై తెచ్చుకుంటే కలిసి కూర్చుని చూద్దాం.