వైఫై డ్రైవర్ మార్చిన అబ్బాయిని ఏఐ కోర్సుకు పంపాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తాం. మా అబ్బాయి భీమవరంలో ఈసీఈ మూడో ఏడాది. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసి, వైఫై డ్రైవర్ (వైఫైని నడిపించే ప్రోగ్రాం) మార్చాడు. కొన్నాళ్లు బాగానే ఉంది. సిస్టం అప్‌డేట్ అయ్యాక వైఫై పోయింది. మేత లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. వాడేమో కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టంలో హార్డ్‌వేర్‌ను నడిపించే మూల భాగం) పనిలోకే వెళ్తానంటున్నాడు. బంధువులు హైదరాబాద్ పంపి ఏఐ కోర్సు చేయించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు లెక్కల సంగతి చూడండి. వైఫై పోయినంత మాత్రాన ఫైళ్లు పోవు. ఈరోజే వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించండి.

జరిగింది బహుశా ఇదీ. మీవాడు డ్రైవర్ కోడ్ విడిగా తెచ్చుకుని, అప్పుడున్న కెర్నల్‌కు సరిపోయేలా కంపైల్ చేశాడు, అంటే మెషీన్ నడపగలిగే రూపంలోకి మార్చాడు. అప్‌డేట్‌తో కొత్త కెర్నల్ వచ్చింది. ఒక కెర్నల్ కోసం కట్టిన మాడ్యూల్‌ను (కెర్నల్‌కు తగిలించే ఇలాంటి డ్రైవర్ ముక్కను) ఇంకో కెర్నల్ మామూలుగా ఒప్పుకోదు. ఉబుంటు లాంటి లినక్స్ రకాల్లో పాత కెర్నల్ వెంటనే చెరిగిపోదు. బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి దాన్ని ఎంచుకుంటే వైఫై తిరిగి రావాలి. తర్వాత ఆ డ్రైవర్‌ను డీకేఎంఎస్ అనే టూల్ ద్వారా పెట్టుకోమనండి. కొత్త కెర్నల్ హెడర్లు (కంపైల్ చేయడానికి కావలసిన ఫైళ్లు) కూడా ఉంటే, కెర్నల్ మారినప్పుడల్లా అదే మళ్లీ కంపైల్ చేస్తుంది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన కోడ్‌నే నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే మాడ్యూల్‌కు డిజిటల్ సంతకం కూడా కావాలి. పిల్లలు ఎక్కువగా ఇక్కడే చిక్కుకుపోతారు.

అబ్బాయి ఆసక్తి నాకు నచ్చింది. ఇంటి లెక్కలున్న మెషీన్ మీద ప్రయోగం చేయడం మాత్రం నచ్చలేదు. చెరువు మీద కొత్త మోటారు నాలుగు రోజులు సరిగా నడిచేదాకా మీరు పాతది అమ్మేయరు కదా, డ్రైవర్ విషయంలోనూ అంతే. కెర్నల్‌లో తప్పు జరిగితే ఒక్క ప్రోగ్రాంతో ఆగదు, మొత్తం సిస్టమే పడిపోతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక తప్పుడు ఫైలును, కెర్నల్‌లో నడిచే దాని డ్రైవర్ చదవబోయి దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. విమానాలు కూడా ఆగాయి. ముందు కొద్దిమందికి పంపి చూసి ఉంటే నష్టం చాలా తగ్గేది.

అందుకే ఈ రంగంలో జాగ్రత్తకు విలువ ఎక్కువ. మీవాడికి ఒక పాత సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనివ్వండి. మొదట వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే ఉత్తుత్తి కంప్యూటర్‌లో), తర్వాత ఆ ల్యాప్‌టాప్ మీద పని చేయమనండి. డ్రైవర్ మార్చే ముందు పాత వెర్షన్ రాసి పెట్టుకోవాలి, కెర్నల్ లాగ్‌ను (కెర్నల్ రాసే సందేశాల చిట్టాను) ఫైలులో దాచుకోవాలి. మార్చాక మళ్లీ లాగ్ తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో పెట్టి లేపి కూడా చూడాలి, ఎందుకంటే బూట్ అయినప్పుడు బాగానే పనిచేసి, నిద్ర లేచాక మొరాయించే డ్రైవర్లు చాలా ఉంటాయి. ఇవన్నీ రాసుకున్న నోట్‌బుక్ ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే బాగా మాట్లాడుతుంది.

చదువు విషయానికొస్తే సీ భాష, ఆపరేటింగ్ సిస్టమ్స్, ఇంటరప్టులు (హార్డ్‌వేర్ ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలు), డీఎంఏ (ప్రాసెసర్ మోయకుండానే హార్డ్‌వేర్ నేరుగా మెమరీని వాడుకునే పద్ధతి) గట్టిగా రావాలి. ఈసీఈ పిల్లలకు హార్డ్‌వేర్ కొంత తెలుసు కాబట్టి ఇది వాళ్లకు కలిసొస్తుంది. లినక్స్ ఫౌండేషన్‌లో కెర్నల్ డెవలప్‌మెంట్ మీద ఉచిత కోర్సు ఉంది. అది చేసి, లినక్స్ కెర్నల్‌కు చిన్న ప్యాచ్ (కోడ్‌లో సవరణ) ఒకటి పంపమనండి. మెయింటెయినర్లు (ఆ కోడ్ బాధ్యత చూసేవాళ్లు) తిప్పి పంపితే టెన్షన్ పడక్కర్లేదు, సరిదిద్ది మళ్లీ పంపడమే అక్కడి పద్ధతి.

క్వాల్‌కామ్, ఏఎమ్‌డీ, ఎన్విడియా లాంటి చిప్ కంపెనీలకు హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఆఫీసులున్నాయి. ఏఐ నడిచే జీపీయూ చిప్‌లకూ డ్రైవర్లు రాసేవాళ్లు కావాలి కాబట్టి బంధువులు చెప్పే ఏఐకి ఇదేమీ దూరం కాదు. కాకపోతే మామూలు సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే ఫ్రెషర్లకు ఇక్కడ ఖాళీలు తక్కువ, మొదటి ఉద్యోగం టెస్టింగ్‌లోనే దొరకొచ్చు. అందుకని నాలుగో ఏడాది మొదలయ్యేదాకా సమయమివ్వండి. అప్పటికి సీలో చెయ్యి తిరగకపోతే, క్యాంపస్‌కు వచ్చే మామూలు సాఫ్ట్‌వేర్ కంపెనీల పరీక్షలు కూడా రాయమనండి.