గ్రూపులో గుడ్ మార్నింగ్‌లే!

ప్రశ్న: మాది పల్లెటూరి సర్కారు యూపీ (అప్పర్ ప్రైమరీ) స్కూలు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు తప్ప మాటల్లేవు, మీటింగ్ పెడితే నలుగురు కూడా రారు. ఏం చేయాలి?
– ఓ టీచరు

జవాబు: మీటింగ్ పొద్దున పదకొండుకి పెడితే కూలికెళ్లే అమ్మ ఎలా వస్తుందండీ, రాత్రి ఏడింటికి మార్చండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడాల్సింది కూడా ఆ కమిటీయే (ఈ ముక్క వాళ్లకి ఎవరూ చెప్పరు, మీటింగ్‌లో మీరే చెప్పండి). ఉపన్యాసాలొద్దు. ఓటీపీ అడిగే దొంగ ఫోన్ వస్తే ఏం చేయాలో, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎలా చెప్పాలో ఏడో తరగతి పిల్లల చేతే చేయించి చూపించండి. టైపింగ్ రానివాళ్లని వాయిస్ మెసేజ్ పెట్టమనండి. గుడ్ మార్నింగ్‌ల జోలికి మాత్రం పోకండి, అవెలాగూ ఆగవు.