కోత పెట్టకముందే చీము సంగతి ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు, పదేళ్లుగా షుగరు ఉంది. బొడ్డు దగ్గర హెర్నియా ఆపరేషన్ కోసం శ్రీకాకుళం తీసుకువెళ్లాం. మూడు నెలల సగటు షుగరు 9.6 వచ్చింది. ‘కుట్ల దగ్గర చీము పట్టే అవకాశం ఎక్కువ, షుగరు తగ్గాక రండి’ అని సర్జన్ పంపేశారు. ముందే అలా ఎలా చెప్పగలరు? ఆగవచ్చా?
– ఒక కూతురు, నరసన్నపేట

జవాబు: ఆ సర్జన్ మీ అమ్మగారి మేలు కోరే పంపారమ్మా. ఈ అంచనాకు ఒక లెక్క ఉంది. 1991లో అమెరికాలో మూడు ప్రశ్నలతో ఒక పద్ధతి తయారుచేశారు. రోగికి ముందే తీవ్రమైన జబ్బు ఉందా? కోసే చోట మురికి గానీ చీము గానీ ఉందా? అదే ఆపరేషన్ నలుగురిలో ముగ్గురికి పూర్తయ్యే సమయం దాటిందా? ‘అవును’ అన్న ప్రతిదానికీ ఒక మార్కు. మార్కులు పెరిగేకొద్దీ చీము భయం పెరుగుతుంది. షుగరుకు అందులో విడిగా మార్కు లేదు; సర్జన్లు దాన్ని కలుపుకొని ఆలోచిస్తారు. షుగరు ఎక్కువగా ఉన్న రక్తంలో తెల్లకణాలు సూక్ష్మజీవులను సరిగా ఎదుర్కోలేవు, గాయమూ ఆలస్యంగా మానుతుంది.

విజయనగరంలో నేను కొత్తగా చేరిన రోజుల్లో ముందు రాత్రే రేజరుతో వెంట్రుకలు తీయించేవాళ్లం. కంటికి ఆనని గాట్లలో సూక్ష్మజీవులు చేరేవి. చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన ఒక రైతుకు హెర్నియా కుట్లు విప్పి మూడు వారాలు చీము కడిగాను. ఆ ఏడు ఆయన నాట్లు వేయలేకపోయారు. ఆ బాధ నన్ను వదలలేదు. రేజరు వాడవద్దని, తప్పనిసరైతే క్లిప్పరుతో కత్తిరించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో స్పష్టంగా చెప్పింది. మీరూ అడగండి.

ఇంకో మాట. అమ్మగారికి అడ్డచుట్ట, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అలవాటు, ఉందా? మన పల్లెల్లో ఆడవాళ్లు డాక్టరుకు ఈ సంగతి చెప్పరు, మేమూ అడగం. ఉంటే ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందే మాన్పించండి. షుగరు మందులు మాత్రం డాక్టరు చెప్పినట్టే మార్చాలి. త్వరగా తగ్గాలని పస్తులుంచవద్దు.

ఈలోగా ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడినా, నొప్పి, వాంతులు మొదలైనా షుగరు ఎంతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆపరేషన్ తరవాత 30 రోజులు, హెర్నియా చోట బలానికి వల (మెష్) అమర్చితే 90 రోజులు కుట్ల చోటు చూస్తూ ఉండండి. ఎర్రబడినా, వేడిగా ఉన్నా, తడి కనిపించినా పసుపు పూయకుండా సర్జన్‌కే చూపించండి.