కల అర్థం కన్నా ముందు ఆ మాత్ర సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 38. ఎనిమిది నెలల క్రితం అమ్మ చనిపోయింది. ఆ రాత్రి ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే నిద్రలో ఉండి ఎత్తలేకపోయాను. అప్పటి నుంచి వారానికి మూడు నాలుగు రాత్రులు ఒకటే కల. ఫోన్ మోగుతుంటుంది, చెయ్యి చాస్తాను, వేళ్లు మాత్రం ముడుచుకోవు. తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. కలల విశ్లేషణతో మానసిక చికిత్స చేస్తారని చదివాను. ఫ్రాయిడ్ పద్ధతి మంచిదా, యూంగ్ పద్ధతి మంచిదా? ఎన్ని సిట్టింగులు పడతాయి? అమ్మకు రాసిన అల్ప్రజోలం మాత్రలు మిగిలితే, తర్వాత అదే చీటీతో కొన్ని తెప్పించుకుని, మూడు నెలలు రోజూ రాత్రి ఒకటి వేసుకున్నాను. కలలు తగ్గాయి. రెండు వారాల క్రితం మానేస్తే రెట్టింపయ్యాయి. మరీ భరించలేని రోజున ఒకటి వేసుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ప్రశ్న కలల గురించి. నా ఆందోళన మాత్రం మీరు చివర్లో తేలిగ్గా రాసేసిన అల్ప్రజోలం గురించి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను, కలల విశ్లేషణ దగ్గరికి తర్వాత వస్తాను.

అల్ప్రజోలం ఆందోళన తగ్గించి మత్తు కలిగించే బెంజోడయజెపైన్ వర్గానికి చెందిన మందు. 0.25 మిల్లీగ్రాముల నుంచి వేర్వేరు మోతాదుల్లో దొరుకుతుంది. మీరు ‘ఒకటి’ అని రాశారే గానీ ఎంత మోతాదుదో రాయలేదు కాబట్టి, మీ శరీరం దానికి ఏ మేరకు అలవాటు పడిందో ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఈ మందులు వాడుతున్నన్నాళ్లూ గాఢనిద్రనూ, స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రనూ కొంతమేర అణచి ఉంచుతాయి. మూడు నెలల తర్వాత ఒక్కసారిగా మానేస్తే, అణిగి ఉన్న రెమ్ నిద్ర పాత బాకీ వసూలు చేసుకున్నట్టు పొంగుకొస్తుంది, కలలు మరింత స్పష్టంగా, మరింత భయంకరంగా వస్తాయి. ఈ రెండు వారాల్లో మీ కలలు రెట్టింపు కావడానికి మీ మనసు లోతుల్లో కొత్తగా ఏదో బయటపడుతుండడమే కారణం కానక్కర్లేదు. మందు మానిన తీరు కూడా కారణం కావచ్చు. అది తేలకముందే ఆ కలలకు అర్థాలు వెతికితే, మందు చేసిన పనికి మనసును తప్పు పట్టినట్టవుతుంది.

కలలతోనే ఆగితే ఇంతగా కంగారు పడను. ఇలా హఠాత్తుగా మానేసినప్పుడు గుండెదడ, చేతుల వణుకు, చెమటలు, చిన్న శబ్దానికే ఉలిక్కిపడడం, కొందరిలో అరుదుగానైనా ఫిట్స్ రావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఈ వర్గం మందులన్నింటికీ అలవాటుపడడం గురించీ, మానేటప్పుడు వచ్చే ఇబ్బందుల గురించీ పెట్టె కట్టిన హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. భరించలేని రోజున ఒకటి వేసుకోవడం మీకు సర్దుబాటుగా కనిపిస్తోంది గానీ, శరీరానికి మాత్రం అది మందు మళ్లీ ఇచ్చి మళ్లీ లాక్కోవడమే. కనుక మీ అంతట మీరు రోజూ వేసుకోవడం మొదలుపెట్టవద్దు, ఇలా అప్పుడొకటి ఇప్పుడొకటి వేసుకోవడమూ వద్దు; ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలిసి, అవసరమైతే మోతాదును మెల్లమెల్లగా తగ్గించే పద్ధతిని వారి పర్యవేక్షణలో పాటించండి. ఈలోగా ఫిట్స్ వచ్చినా, మతి తప్పినట్టు అనిపించినా అది అత్యవసర విభాగానికి వెళ్లాల్సిన విషయం. మద్యంతోనూ, మత్తు కలిగించే ఇతర మందులతోనూ దీన్ని కలపకూడదని మీకు తెలిసే ఉంటుంది.

ఒక్క మాట కటువుగా చెప్పాలి, ఏమీ అనుకోవద్దు. మీ అమ్మగారి వయసుకూ, జబ్బుకూ, ఆమె వాడుతున్న ఇతర మందులకూ సరిచూసి ఒక డాక్టరు రాసిన చీటీ అది. ఆమె పోయిన తర్వాత ఆ చీటీకి కాలం చెల్లింది. దానితో మీకు మందు ఇచ్చినవారిదీ తప్పే, కానీ మింగింది మీరు. నా దగ్గరికి వచ్చే పది మందిలో ఇద్దరు ముగ్గురైనా ఇంట్లో ఇంకొకరి నిద్రమాత్రతో మొదలుపెట్టినవారే ఉంటారు. ఒకరు రెండు నెలల కలలన్నీ తేదీలతో సహా, భయపెట్టినవాటిని ఎర్ర సిరాతో, మిగతావాటిని నీలి సిరాతో రాసుకుని తెచ్చారు; రోజూ మింగుతున్న మాత్ర పేరు అడిగితే మాత్రం ‘తెల్లగా, చిన్నగా ఉంటుంది డాక్టర్’ అన్నారు.

ఇక ఆ నాలుగింటి మెలకువ. రెమ్ నిద్ర సుమారు తొంభై నిమిషాలకోసారి వస్తూ, రాత్రి చివరి భాగంలో ఎక్కువసేపు ఉంటుంది, అందుకే పీడకలలు తెల్లవారుజామునే ఎక్కువ. అయితే తెల్లవారకముందే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం డిప్రెషన్ లక్షణం కూడా కావచ్చు. ఆకలి తగ్గిందా, దేనిమీదా ఆసక్తి లేదా, పగలు కూడా ఆ ఫోన్ సంగతే తిరుగుతూ మిమ్మల్ని మీరు నిందించుకుంటున్నారా అన్నది మీరు రాయలేదు. దుఃఖం ఆరు నెలలు దాటినా రోజువారీ పనులను అడ్డుకునేంత తీవ్రంగా ఉంటే, దాన్ని ప్రత్యేకంగా చికిత్స చేయదగిన స్థితిగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఇప్పుడు గుర్తిస్తోంది. మీకు అది ఉందని నేను అనడం లేదు; ఎదురుగా చూడకుండా అనకూడదు కూడా. బతకాలనిపించడం లేదన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా, ఇంట్లో ఒకరికి చెప్పి, వారిని వెంటబెట్టుకుని ఈ రోజే ఆసుపత్రికి వెళ్లండి. తరచూ వచ్చే పీడకలలకూ ఆత్మహత్య ఆలోచనలకూ సంబంధం ఉందని పరిశోధనల్లో మళ్లీ మళ్లీ కనిపించింది కాబట్టే ఇంత నేరుగా రాస్తున్నాను.

ఇప్పుడు మీ ప్రశ్న. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1900 ప్రాంతంలో చెప్పిన పద్ధతిలో అసలు పని డాక్టరు అర్థం చెప్పడం కాదు. కలలోని ఒక్కో ముక్కను పట్టుకుని, కల కన్న మనిషికి ఏది తడితే అది దాచకుండా చెప్పించడం. ఒకప్పుడు ఆయన సహచరుడైన యూంగ్ ఆ దారి నుంచి విడిపోయి, మెలకువలో మనం పట్టించుకోనిదాన్ని కల పూరిస్తుందని చూశాడు. 1977లో హాబ్సన్, మెకార్లీ అనే పరిశోధకులు, నిద్రలో మెదడు కాండం నుంచి వచ్చే సంకేతాలను పైమెదడు కథగా కూర్చుకోవడమే కల అని వాదించారు, ఆ చర్చ నేటికీ తెగలేదు. మనోవిశ్లేషణ నా రంగం కాదు గనుక ఏది గొప్పదో తీర్పు చెప్పను. కల గురించి మాట్లాడడం చాలామందికి నోరు దాటని మాటను బయటికి తెచ్చే దారి అవుతుంది, మీ విషయంలో ఆ మాట ఏమిటో మీరే రాశారు: ఫోన్ ఎత్తలేకపోయాను. దానికి సంకేతాల నిఘంటువు అక్కర్లేదు. వేళ్లు ముడుచుకోకపోవడానికి కూడా పెద్ద అర్థం లేకపోవచ్చు, రెమ్ నిద్రలో ఒంట్లోని కండరాలు చాలావరకు సడలిపోయి ఉంటాయి. కానీ పీడకలల జబ్బుకు చికిత్సగా కలల విశ్లేషణకు బలమైన ఆధారాలు లేవు కాబట్టి, ఎన్ని సిట్టింగులన్న లెక్క కూడా నేను చెప్పలేను. ఇన్ని సిట్టింగుల్లో తగ్గిస్తామని ముందే హామీ ఇచ్చేవారి దగ్గర జాగ్రత్తగా ఉండండి.

ఆధారాలున్న పద్ధతి పేరు ఇమేజరీ రిహార్సల్ థెరపీ. అందులో కలకు అర్థం వెతకరు, కలను మారుస్తారు. పగటిపూట, మెలకువగా ఉన్నప్పుడు, కలను కాగితం మీద రాసి, అందులో ఏదో ఒక చోట మీకు నచ్చినట్టు మార్చి, ఆ కొత్త కథను రోజూ కొన్ని నిమిషాలు మనసులో తిప్పుకోవాలి. ఏం మార్చాలో థెరపిస్టు నిర్ణయించరు. ఒకరు ఫోన్ ఎత్తి మాట్లాడినట్టు రాస్తారు, ఇంకొకరు ఫోన్ మోగకముందే గదిలో దీపం వేసుకున్నట్టు రాస్తారు, రెండూ సరే. 2001లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, లైంగిక హింసకు గురై ఏళ్ల తరబడి పీడకలలతో బాధపడుతున్న 168 మంది స్త్రీలలో ఈ చికిత్స పొందినవారికి పీడకలలు తగ్గి నిద్ర మెరుగుపడింది. వారిని పోల్చింది చికిత్స కోసం వేచి ఉన్నవారితోనే గానీ మరో చికిత్స పొందినవారితో కాదు, అది గుర్తుంచుకోవాలి. అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం 2018లో పీడకలల జబ్బుకు సిఫారసు చేసిన పద్ధతి కూడా ఇదే. మొదట్లోనే అన్నిటికన్నా భయపెట్టే కలతో మొదలుపెట్టరు, గాయం పచ్చిగా ఉన్నవారు ఒంటరిగా చేయడం మంచిది కాదు. క్లినికల్ సైకాలజిస్టు దగ్గర నేర్చుకోండి. కలల గురించి మాట్లాడాలన్న మీ కోరికను కూడా వారికే చెప్పండి, రెండూ కలిపి చేయడానికి అడ్డేమీ లేదు.

రక్తపోటుకూ, పార్శ్వనొప్పికీ వాడే ప్రొప్రనలాల్, ఆస్తమాకు వాడే మాంటెలుకాస్ట్, కొన్ని డిప్రెషన్ మందులు కూడా పీడకలలు తెప్పిస్తాయి. ఇలాంటివి వాడుతుంటే మీరుగా ఆపేయకుండా డాక్టరుకు చెప్పండి. గురక, నిద్రలో ఊపిరి ఆగినట్టుండడం, కలకు తగ్గట్టు చేతులు కాళ్లు విసరడం ఉన్నాయేమో ఇంట్లోవారిని అడిగి తెలుసుకోండి.

మీరు రాసినంత మేరకే ఇది చెప్పగలిగాను. ఇది మిమ్మల్ని చూసి ఇచ్చిన వైద్యం కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అల్ప్రజోలం స్ట్రిప్ ఖాళీదైనా సరే వెంట తీసుకెళ్లండి, ఏ తేదీన మొదలుపెట్టారో, ఏ తేదీన మానేశారో, ఆ తర్వాత ఏయే రాత్రులు వేసుకున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. కలల పుస్తకం ఉంటే అదీ తీసుకెళ్లండి, కానీ ముందు స్ట్రిప్ చూపించండి.