నాయన ఏడు గంటల ఫోను

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు పల్లె. నాయనకి నాలుగు రొయ్యల గుంటలున్నాయి. పద్నాలుగు నెలలుగా బ్యాంకాక్‌లో ఉంటూ న్యూయార్క్ కంపెనీకి పని చేస్తున్నాను. థాయ్‌లాండ్‌లో ఉంటూ బయటి దేశపు కంపెనీకి పని చేసేవాళ్లకిచ్చే ఐదేళ్ల డీటీవీ వీసా ఉంది. ఆన్ నట్ స్టేషన్ దగ్గర చిన్న స్టూడియో తీసుకున్నాను. పని వేళలు న్యూయార్క్ లెక్కన తొమ్మిది నుంచి ఐదు. మూడు నాలుగు గంటలకి మించి నిద్ర ఉండటం లేదు. తలనొప్పి వదలడం లేదు, బీపీ కూడా కొంచెం ఎక్కువుందన్నారు. కౌలాలంపూర్ మారితే నయమని స్నేహితురాలు అంటోంది. మారమంటారా? ఇంకొక మాట. ఇక్కడ మా కంపెనీకి ఆఫీసు ఉందని నాయనకి చెప్పాను. నిజానికి లేదు, గదిలో కూర్చునే పని చేస్తాను. అమ్మకి తెలుసు. వచ్చే నెల మేనమామ కొడుకు టూరుకి వస్తూ ఆఫీసు చూపించమంటున్నాడు. ఒంగోలు సంబంధం వాళ్లకి కూడా నాయన ఆఫీసనే చెప్పారు. వీసా గడువుకి రెండుసార్లు మలేషియాలోని పెనాంగ్ వెళ్లొచ్చాను, ఇంటికి వెళ్లలేదు. నాయన రోజూ పొద్దున ఏడింటికి ఫోన్ చేస్తారు. గుంటల అప్పుకి అడిగినప్పుడల్లా పంపుతున్నాను.

జవాబు: అమ్మా, కౌలాలంపూర్ సంగతి ముందు తేల్చేస్తాను. మారొద్దు. ఆ ఊరి గడియారం బ్యాంకాక్ కంటే గంట ముందుంటుంది. న్యూయార్క్ తొమ్మిది అంటే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా బ్యాంకాక్‌లో రాత్రి ఎనిమిది, కౌలాలంపూర్‌లో తొమ్మిది. నవంబరులో వాళ్ల గడియారం వెనక్కి జరిగాక బ్యాంకాక్‌లో తొమ్మిది, కౌలాలంపూర్‌లో పది. బ్యాంకాక్‌లో తెల్లవారి నాలుగింటికో ఐదింటికో పని ముగించి లేస్తున్నావు, కౌలాలంపూర్ పోతే ఐదింటికో ఆరింటికో ముగిస్తావు. దూరం నుంచి పని చేసేవాళ్లకి మలేషియా ఇచ్చే డీఈ రాంటావ్ పాసుకి మళ్లీ మొదట్నుంచి కాగితాలు పెట్టాలి, సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఏడాదికి 24,000 డాలర్ల ఆదాయం చూపించాలి. నిద్ర కోసం ఊరు మారేవాళ్లు పడమటికి మారాలి, తూర్పుకి కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నీ నిద్ర లెక్క ఒకసారి వేసి చూడు. నాలుగింటికి లాప్‌టాప్ మూస్తావు. కళ్లల్లో వెలుగు చల్లారి నిద్ర పట్టేసరికి ఐదవుతుంది. మన దగ్గర ఏడంటే నీకు ఎనిమిదిన్నర. అప్పటికి నువ్వు నిద్రపోయింది మూడున్నర గంటలు. ఫోను ఎత్తి, గొంతు సవరించుకుని, "ఆఫీసుకి బయల్దేరుతున్నా నాయనా" అంటావు. అబద్ధం చెప్పిన మనసు వెంటనే మళ్లీ నిద్రపోదు. నీ బీపీకి సగం కారణం ఆ ఎనిమిదిన్నర ఫోను. నువ్వు నా దగ్గరికి తెచ్చుకున్నది ఊరి సమస్య కాదు, మీ నాయనకీ నీకూ మధ్య ఉన్న సమస్య. ఆయన్ని ఉత్తరం చివర్లో ఇంకొక మాటగా రాశావు చూడు, ముందు రాయాల్సింది అదే.

పెనాంగ్ మాట చదివి ఆగిపోయాను. డీటీవీ వీసా మీద ఒకసారి లోపలికి వస్తే 180 రోజులు ఉండొచ్చు, తర్వాత పొడిగింపు తీసుకోకపోతే బయటికి వెళ్లి రావాలి. ఎటు వెళ్లొచ్చినా కొత్తగా 180 రోజుల ముద్ర పడుతుంది. చెన్నైకి మూడున్నర గంటల విమానం, అక్కడి నుంచి నెల్లూరు 175 కిలోమీటర్లు. ఎలాగూ దేశం దాటాల్సిన పని రెండుసార్లు పడితే రెండుసార్లూ తెలిసినవాళ్లు లేని ఊరు వెతుక్కుని వెళ్లావు. ఇంటికి పోతే నాయన కళ్లల్లోకి చూసి ఆఫీసు కబుర్లు చెప్పాలి కాబట్టి తప్పించుకున్నావు. తండ్రి అంటే భయపడే కూతురు ఫోన్లు తగ్గిస్తుంది. నువ్వు ఫోను ఎత్తుతున్నావు, డబ్బు పంపుతున్నావు, మనిషివి మాత్రం కనపడటం లేదు. డబ్బు పంపుతున్నంత కాలం ఎక్కడున్నావని అడగరులే అనే లెక్క నీ మనసులో పడిపోయింది. ఇది నీకూ మంచిది కాదు, ఆయనకీ మర్యాద కాదు. నెలనెలా కప్పం కట్టి కొనుక్కున్న అనుమతి, ఒక నెల డబ్బు ఆగితే పోతుంది.

మీ నాయన పని నీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. రాత్రంతా గుంటలో రొయ్య, పాచి, అడుగు బురద అన్నీ ఆక్సిజన్‌ని తినేవే, ఎండ పొడిచాకే పాచి తిరిగి ఇస్తుంది. అందుకే తెల్లవారే ముందు నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. అది 4 పీపీఎం కంటే కిందికి జారకుండా నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరగాలి, కరెంటు పోతే నిమిషాల్లో డీజిల్ జనరేటర్ అందుకోవాలి. ఆ వేళప్పుడు మనిషి గట్టు మీద లేకపోతే పొద్దునకి రొయ్యలు నీళ్ల పైకి తేలతాయి. నువ్వు లాప్‌టాప్ మూసే నాలుగు గంటలు మన గడియారంలో రెండున్నర. సరిగ్గా అప్పుడే ఆయన తలకి తువ్వాలు చుట్టి, టార్చి పట్టుకుని గట్టెక్కుతారు. పొద్దున చెక్ ట్రేలు ఎత్తి, మేత మిగిలిందో లేదో చూసుకుని, మనసు కుదుటపడ్డాక నీకు ఫోన్ చేస్తారు. ఆయన ఫోను కాపలా కాదు. రాత్రి గడిచిందని చెప్పుకునే ఫోను. రాత్రి మేలుకుని చేసే పని విలువ జిల్లాలో ఎవరికైనా అర్థమవుతుందంటే రొయ్యల రైతుకే అర్థమవుతుంది. ఆయన రొయ్య అమెరికా పోతుంది, నీ జీతం అమెరికా నుంచి వస్తుంది. ఆఫీసు ఉంటే తప్ప దాన్ని ఉద్యోగం అనుకోరని ఆయన్ని అడగకుండానే తీర్పు చెప్పేశావు.

అందుకని ఇంటికి వెళ్లు. మేనమామ కొడుకు విమానం ఎక్కేలోపే వెళ్లు. ఫోనులో చెప్పొద్దు. సెలవు పెట్టి కూడా వెళ్లొద్దు, అక్కడి నుంచి ఒక వారం పని చెయ్యి. ఆయన చూడాలి. కంపెనీకి రెండు వారాల ముందు మెయిల్ రాసి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఇండియాలో ఉంటావో చెప్పి, సరే అన్న జవాబు రాతలో తీసుకో. చెప్పకుండా లాగిన్ అయితే కొత్త దేశం చూసి అకౌంటు ఆపేసే కంపెనీలున్నాయి. ఇంట్లో నెట్టు ఉన్నా రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు పెట్టుకో. నువ్వు కూర్చునే గదిలోనే, రాత్రి ఎనిమిదప్పుడే హాట్‌స్పాట్ పెట్టి చూడు. పగలు బాగా వచ్చే సిగ్నల్ రాత్రి జనం ఫోన్లు పట్టుకోగానే నీరసపడుతుంది. రూటరుకి చిన్న 12 వోల్టుల యూపీఎస్ కొనుక్కుపో. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలోనే రూటరు ఆగిపోయి, మళ్లీ లేవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది, మీటింగు అక్కడే తెగుతుంది. వేసవి లెక్కన నీ డ్యూటీ మన ఊళ్లో సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి రెండున్నర దాకా.

మొదటి రోజు రెండున్నరకి లాప్‌టాప్ మూసి ఆయన వెంట గట్టు మీదికి నడువు. అక్కడ చెప్పు. "నాయనా, ఆఫీసు లేదు. గదిలో కూర్చునే చేస్తాను. జీతం నిజం, వీసా నిజం, ఆఫీసు ఒక్కటే అబద్ధం. నువ్వు ఇంటికి రమ్మంటావని భయపడి చెప్పాను." ఇంతకంటే పొడుగు వద్దు. ఏరియేటర్ల మోతలో ఆయన కాసేపు పలక్కపోతే పలక్కపోనీ.

తర్వాత ఆయన అనే మాట నాకు తెలుసు, నీకూ తెలుసు. "అట్టయితే ఈడే కూర్చోని చేసుకోరాదామ్మే, ఆడ బాడుగెందుకు కట్టేది?" ఇక్కడే చాలామంది పిల్లలు తప్పులో కాలేస్తారు. ఊళ్లో నెట్టు బాగుండదు, కరెంటు పోతుంది, గది లేదు అని సాకులు చెబుతారు. నాలుగు గుంటలకి కరెంటు తెచ్చిన మనిషి ఆయన. వారంలో ఫైబరు లాగిస్తారు, నెలలో మేడ మీద గది వేయిస్తారు. ఒక్కో సాకు తీరుతున్నకొద్దీ నువ్వు ఇరుక్కుంటావు. ఉన్న మాట చెప్పు. "నాకు అక్కడ ఉండాలని ఉంది నాయనా." సంపాదించుకుని, బాడుగ కట్టుకుని, ఎవరికీ భారం కాని ఇరవై తొమ్మిదేళ్ల ఆడపిల్లకి ఈ ఒక్క కారణం చాలు. కొడుకైతే ఏ కారణమూ అడిగేవాళ్లు కాదని మీ నాయనకీ తెలుసు.

మీ అమ్మ విషయంలో మాత్రం నీ మీద నాకు కోపమొచ్చింది. పద్నాలుగు నెలలుగా ఆమె చేత భర్త దగ్గర అబద్ధం ఆడించావు. నాయనకి చెప్పేటప్పుడు, అమ్మని చెప్పొద్దన్నది నేనే అని కూడా చెప్పు. ఆ మాట మాట్లాడాల్సింది నువ్వు. ఆమె మీదికి పోనివ్వకు.

మేనమామ కొడుక్కి ఏ కో వర్కింగ్ హాలో అద్దెకి తీసుకుని చూపించే ఆలోచన ఉంటే మానెయ్యి. నీ గది చూపించు, బల్ల చూపించు, మంచి భోజనం పెట్టి పంపు. ఒంగోలు వాళ్లకి నాయన చేతే చెప్పించు, పెళ్లిచూపులకి ముందే. డీటీవీ వీసా మీద ఉంది, థాయ్ కంపెనీలో పని చేసే హక్కు ఆ వీసాకి లేదు, న్యూయార్క్ కంపెనీకి గది నుంచి పని చేస్తుంది, జీతం ఇంత. ఇది విని వెనక్కి పోయే సంబంధం పోనివ్వు.

డబ్బు సంగతి. అడిగినప్పుడల్లా పంపడం ఆపు. ఆయనకి అడగడం చిన్నతనం, నీకు ఎప్పుడు అడుగుతారోనన్న గుబులు. బ్యాంకు అప్పు ఎంత, మేత షాపు బాకీ ఎంత, వడ్డీకి తెచ్చింది ఎంత అని ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రాయండి. ఎక్కువ వడ్డీది ముందు తీర్చాలి. నువ్వు నెలకి ఇవ్వగలిగింది ఒక అంకె అనుకుని, ఐదో తేదీన దానంతటదే వెళ్లేలా బ్యాంకులో పెట్టెయ్యి. కూతురు తండ్రికి పంపే డబ్బు మీద ఆయనకి పన్ను పడదు. పట్టుబడి బాగా వచ్చి కౌంటుకి (కిలోకి తూగే రొయ్యల లెక్కకి) మంచి ధర పలికిన నెలలో ఆయనే వద్దంటారేమో, అననివ్వు. వీసా కోసం చూపించిన 5 లక్షల బాట్లు మాత్రం ముట్టుకోకు. ఇంట్లో అప్పుండగా అంత డబ్బు నా ఖాతాలో ఉందే అని కుమిలిపోవద్దు. పొడిగింపుకో, కొత్త వీసాకో వెళ్లినప్పుడు మళ్లీ చూపించాల్సి రావచ్చు. ఏడాదిలో 180 రోజులు దాటి ఉన్నావు కాబట్టి థాయ్‌లాండ్ నిన్ను పన్ను కట్టాల్సిన నివాసిగా లెక్కిస్తుంది. 2024 జనవరి నుంచి బయట సంపాదించి అక్కడికి తెచ్చుకునే డబ్బు లెక్కలోకి వస్తోంది. రెండు దేశాల లెక్కలూ తెలిసిన ఆడిటరుని ఒకసారి కలువు.

నిద్రకి: ఫోను వేళ మార్చుకోండి. ఆయన మధ్యాహ్నం పన్నెండుకి అన్నానికి ఇంటికొస్తారు, నీకు ఒకటిన్నర, ఏడెనిమిది గంటలు నిద్రపోయి లేచి ఉంటావు. పొద్దున ఏడింటికి ఆయనకి నీతో మాట్లాడాలనే ఉంటుంది, కాబట్టి అప్పుడు వాయిస్ మెసేజ్ పెట్టమను, లేవగానే విను. నిజంగా అవసరం పడితే వెంటవెంటనే రెండుసార్లు చెయ్యమని చెప్పు. ఫోను 'డు నాట్ డిస్టర్బ్'లో ఉన్నా వెంటనే వచ్చిన రెండో కాల్ మాత్రం మోగేలా సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టుకో. మార్చిలో, నవంబరులో నీ డ్యూటీ గంట మారే ఆదివారాలు రెండూ ఇంట్లో క్యాలెండరు మీద గుర్తు పెట్టు. గది కిటికీ తూర్పుకి ఉంటే ఆరు దాటగానే ఎండ మొహాన కొడుతుంది. వెలుతురు చొరని మందపాటి తెర కిటికీ అంచులకి జానెడు ఎక్కువే ఉండేలా కుట్టించు, పక్క సందుల్లోంచి వచ్చే వెలుగే నిద్ర చెడగొట్టేది. రాత్రి పదకొండు దాటాక టీ, కాఫీ ముట్టకు. రోజుకి ఏడు గంటల నిద్ర నెల రోజులు సాగాక కూడా బీపీ దిగకపోతే డాక్టరు చెప్పినట్టు వినాలి, నా మాట కాదు.

టికెట్టు చెన్నైకి తీసుకో, రానూపోనూ రెండూ ఒకేసారి. నాయన తిరుగు టికెట్టు చూస్తేనే మంచిది. బ్యాంకాక్ తిరిగి వెళ్లే ముందు మూడు రోజుల్లోపు థాయ్‌లాండ్ వాళ్ల డిజిటల్ అరైవల్ కార్డు (టీడీఏసీ) ఆన్‌లైన్లో నింపు, దానికి రుసుము లేదు, డబ్బు అడిగే సైట్లు నమ్మొద్దు. నువ్వు ఆ గదిలో ఉంటున్నావని ఓనరు ఇమిగ్రేషన్‌కి ఇచ్చే టీఎం30 కాగితం మళ్లీ పెట్టాలో వద్దో దిగగానే మీ ఇంటి ఓనరు చేత కనుక్కో. తొంభై రోజులకోసారి ఇమిగ్రేషన్‌కి చిరునామా చెప్పే రిపోర్టు లెక్క కూడా దిగిన రోజు నుంచే మళ్లీ మొదలవుతుంది, ఆ తేదీ రాసి పెట్టుకో.